ఎనిమిది నిమిషాల చెక్‌పోస్టు

విశ్వవిద్యాలయానికి నాలుగు బస్సులున్నాయి. మూడింటిని ఏ డ్రైవరైనా నడుపుతాడు. నాలుగోది, ఆ నీలం రంగు పాత బస్సు, బాబాయ్ చెయ్యి పడితే తప్ప కదలదు. ఈ మాట బాబాయే చెప్పుకుంటాడు. అయినా నిజమే. దాని రెండో గేరు ఎక్కడ దాక్కుంటుందో లోకంలో ఆయనొక్కడికే తెలుసు.

ఆయన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడదు. ఇరవై తొమ్మిదేళ్ల కిందట ఎవరో విద్యార్థి పరిగెత్తుకొస్తూ "బాబాయ్, ఆపు ఆపు" అని అరిచాడు. అంతే, ఆనాటి నుంచి వచ్చిన పిల్లలందరికీ ఆయన బాబాయే. చివరికి ఆయన కంటే ఏడేళ్లు పెద్దయిన వైస్ ఛాన్సలరు గారికి కూడా.

చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. ఒకటే గది, ఒకరే మాస్టారు. ఆ మాస్టారు ఇరవై ఎక్కాల దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పించేవారు. అంకెలు ముత్యాల్లా రాయకపోతే పలకను చెరిపి మళ్లీ చేతికిచ్చేవారు. ఆయన పెట్టిన భిక్షే ఈ ఉద్యోగమని బాబాయ్ ఇప్పటికీ అంటాడు. డ్రైవరు పరీక్షకు వచ్చిన ముప్పై మందిలో కిలోమీటర్లు, లీటర్లు నోటితో లెక్కగట్టి చెప్పింది తానొక్కడేనట.

కొత్త పిల్లలు ఎక్కినప్పుడల్లా ఇంజను వేడెక్కేలోపు బాబాయ్ తన ఘనకార్యాలు వినిపిస్తాడు. ఇరవై తొమ్మిదేళ్లలో బండికి ఒక్క గీత పడలేదు. వరదల ఏడాది రోడ్డు కనబడకపోతే, పక్కనున్న గుర్తురాళ్ల తలలు చూసుకుంటూ పరీక్ష పేపర్లు తడవకుండా తెచ్చాడు, పరీక్ష గంట కొట్టినట్టు మొదలైంది, అందుకు ఆ ఏటి పిల్లలు ఇవాళ్టికీ ఆయన్ని క్షమించలేదు. నొప్పులు మొదలైన లెక్చరరమ్మను ఆసుపత్రి గుమ్మంలోకి పన్నెండు నిమిషాల్లో చేర్చాడు. ఆ రోజు పుట్టినవాడు ఇప్పుడిక్కడే చదువుతూ రోజూ బస్సు మిస్సవుతుంటాడు. అన్నిటినీ మించి, పందొమ్మిదేళ్లుగా బాబాయ్ బస్సు ఏనాడూ ఆలస్యంగా చేరలేదు.

"మీ గొప్పలు విని విని గోడలకు బీటలొచ్చాయి. ఇంట్లో బ్రేకుల్లేని బండి మీ నోరొక్కటే" అంటుంది భార్య, ఆయన యూనిఫారం ఇస్త్రీ చేస్తూ. అంటూనే కాలరు రెండుసార్లు తిరగేసి మరీ రుద్దుతుంది.

ఆలస్యం కాకపోవడానికి వెనక ఒక కిటుకు ఉంది. అది ఆయన సొంతం.

నగరానికి వెళ్లే దారిలో వంతెన దగ్గర చెక్‌పోస్టు. అక్కడ కాపలావాళ్లు ప్రతి బస్సునూ ఆపి అందరి కార్డులూ చూస్తారు. వాళ్లు వెతికేది ఏటవతలివాళ్లను. తాతల కాలంలో ఏరు దాటి వచ్చి స్థిరపడిన జనం వాళ్లు. మూడు తరాలైంది. ఇక్కడే పుట్టారు, ఇక్కడే చదివారు, ఇక్కడే పన్నులు కడుతున్నారు. అయినా ముఖం చూసి, యాస విని, కార్డు మీద తాతగారి ఊరు చదివి, వాళ్లనే కిందికి దించుతారు, వాళ్ల సంచులే విప్పుతారు. బాబాయ్ ఉద్యోగంలో చేరిన కొత్తలో బస్సు మొత్తాన్నీ దించి వరసలో నిలబెట్టేవారు. నలభై నిమిషాలు, ఒక్కోసారి గంట.

పందొమ్మిదేళ్ల కిందట ఆయనకు ఉపాయం తట్టింది. చెక్‌పోస్టుకు ముందు టీ కోసం ఆగినప్పుడు అందరి కార్డులూ తీసుకుని, ఏటవతలి పిల్లలవి పైన, మిగతావి అడుగున సర్ది ఇచ్చాడు. కాపలావాళ్లు పైనున్న నాలుగైదు కార్డులు చూశారు, ఆ నలుగురైదుగురిని దించారు, సంచులు చూశారు, పొమ్మన్నారు. ఎనిమిది నిమిషాలు! మిగతా డ్రైవర్లు ఆయన దగ్గర ఆ విద్య నేర్చుకున్నారు. "మా గురువు" అని ఒకాయన ఆయనకు టీ కూడా ఇప్పించాడు.

ఈ పందొమ్మిదేళ్లలో ఎవరూ ఒక్క మాట అనలేదు. లెక్కలమ్మ వచ్చేదాకా.

లెక్కలమ్మ అంటే ఎంఏ రెండో ఏడు చదివే ఏటవతలి అమ్మాయి. సన్నగా, పెద్ద కళ్లద్దాలతో ఉంటుంది. ఎప్పుడు చూసినా "ఎంతమంది? ఎంతసేపు? ఎన్నిసార్లు?" అని అడుగుతుంది కాబట్టి బాబాయే ఆ పేరు పెట్టాడు. నగరంలోని పెద్ద విశ్వవిద్యాలయంలో జాతి, తెగ, సామాజిక న్యాయం మీద విద్యార్థుల సదస్సు జరుగుతోంది. అందులో ఆమె ఒక చార్టు గోడకు తగిలించి పది నిమిషాలు మాట్లాడాలి. పెద్దలు విని బావుందంటే ఆ వ్యాసం పుస్తకంలో పడుతుంది. పుస్తకంలో పడినవాళ్లకే పైచదువుకు ఉపకారవేతనం. ఆమె ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. ఆ చార్టు కోసం అరవైమంది పిల్లల్ని అడిగి, ఎవరెక్కడ ఎన్ని నిమిషాలు ఆగారో మూడు నెలలు రాసుకుంది.

ప్రయాణం రోజున నలభై ఒక్కమంది పిల్లలు, వాళ్ల మేడం ఎక్కారు. ఆరింటికి బయల్దేరారు. ఎనిమిదింపావుకు టీ దగ్గర ఆగగానే, నిచ్చెన అని అందరూ పిలిచే పొడుగు కుర్రాడు కార్డులన్నీ పోగుచేసి డబ్బాలో తెచ్చిచ్చాడు. వాడి వెనకే లెక్కలమ్మ వచ్చింది.

"బాబాయ్, ఒక్క మాట. ఇవాళ కార్డులు సర్దొద్దు. ఎలా వచ్చాయో అలాగే ఇచ్చెయ్యండి."

"అదేంటమ్మా! పదకొండింటికి నీ వంతని మేడం చెప్పారు. కలగాపులగంగా ఇస్తే గంట నిలబెడతారు. అక్కడికి వెళ్లి ఖాళీ కుర్చీలకు చెప్పుకుంటావా నీ పాఠం?"

"ఆలస్యమైతే అందరం కలిసే అవుతాం కదా."

"నేనున్నది మిమ్మల్ని టైముకు చేర్చడానికి తల్లీ."

ఆమె కదలకుండా అక్కడే నిలబడింది. బాబాయ్ తల ఊపాడు. అవుననీ కాదు, కాదనీ కాదు, కిటికీ సీటు అడిగిన ప్రయాణికుడికి ఊపినట్టు ఊపాడు. ఆమె బస్సెక్కాక స్టీరింగు మీద డబ్బా పెట్టుకుని చూస్తే, వేళ్లు వాటంతట అవే పని మొదలుపెట్టేశాయి. పిల్ల మంచికే కదా అనుకున్నాడు. నాలుగు నెలల్లో రిటైరవుతున్నాడు. ఇప్పుడా మచ్చ పడేది?

చెక్‌పోస్టు దగ్గర కాపలా ఉద్యోగి నవ్వుతూ ఎదురొచ్చాడు. "రా బాబాయ్! సర్దే ఉన్నాయా?"

"ఎప్పుడు సర్దలేదు సార్?"

పైన ఐదు కార్డులు. ఐదుగురు దిగారు. లెక్కలమ్మ చేతిలో పొడుగాటి అట్టగొట్టం ఉంది. ఉద్యోగి దాని మూత పీకి, లోపలి చార్టును బల్ల మీద పరిచాడు. అందులో రోడ్డు గీసి ఉంది. వంతెన ఉంది. దారిలోని చెక్‌పోస్టులన్నిటికీ ఎర్రచుక్కలు, పక్కన అంకెలు.

"ఇదేంటిది? చెక్‌పోస్టులన్నీ గుర్తులు పెట్టుకుని ఎక్కడికి?"

"సదస్సుకండీ. మేం ఎక్కడ ఎంతసేపు ఆగుతున్నామో రాశాను."

"ఎంతసేపు ఆగుతున్నారో నీకెందుకు?"

"ఆగేది మేమే కదండీ."

నలుగురి ముందు జవాబు దొరకని మనిషి ఏం చేస్తాడో అదే చేశాడు ఉద్యోగి. చార్టు చుట్టి గొట్టంలో కుక్కి తన గదిలో పెట్టేశాడు. "పెద్దాయన చూడాలి. తిరిగొచ్చేటప్పుడు పట్టుకెళ్లు."

మేడం కిందికి దిగి వాదించింది. నిచ్చెన గొంతు పెంచాడు. లెక్కలమ్మే వాళ్లిద్దరినీ వెనక్కి లాగింది. "పదండి మేడం. ఇక్కడే ఉంటే చార్టూ పోతుంది, టైమూ పోతుంది."

బస్సు కదిలింది. బాబాయ్ అలవాటు కొద్దీ చొక్కా జేబులోంచి చిన్న డైరీ తీసి రాసుకున్నాడు: ఎనిమిదీ నలభై నుంచి ఎనిమిదీ నలభై ఎనిమిది. దించినవాళ్లు ఐదు. ఎనిమిదే నిమిషాలు. మామూలుగా అయితే అద్దంలో పిల్లల్ని చూసి ఒక నవ్వు విసిరేవాడు. ఇవాళ అద్దం వైపు చూడబుద్ధి కాలేదు.

కొంతసేపటికి నిచ్చెన వచ్చి ఇంజను డబ్బా మీద కూర్చున్నాడు. "ఆ గొట్టం నా దగ్గరుంటే ఎవడూ చూసేవాడు కాదు బాబాయ్."

"చూసేవాడు కాదు నాయనా."

"నా కార్డు ఎక్కడుంది?"

"అట్టడుగున."

"ఎప్పుడూ అంతేనా?"

"ఒక్కసారి పొరపాటున పైన పడింది. ఈ ఏడాది మొదట్లో. గుర్తులేదా, నిన్ను దించి బూట్లు కూడా విప్పించారు?"

"గుర్తుంది. ఆ రోజు రెండు గంటలు తిట్టుకున్నాను." నిచ్చెన వెనక్కి తిరిగి లెక్కలమ్మ వైపు చూశాడు. ఆమె ఫోనులో చార్టు ఫొటో కోసం వెతుకుతోంది. దొరికింది గానీ, అది అంకెలు వెయ్యక ముందు తీసిన ఫొటో.

పది ఇరవై ఐదుకు చేరారు. అనుకున్న దానికన్నా ముందే. పిల్లలు దిగిపోయాక బాబాయ్ ఎప్పటిలాగే సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. నిద్ర రాలేదు. కిటికీ మీద టకటకమని చప్పుడైంది. లెక్కలమ్మ.

"లోపలికి రండి బాబాయ్."

"నేనెందుకమ్మా? బండి చూసుకోవాలి."

"మీ బండిని ఎవరెత్తుకుపోతారు? రెండో గేరు దొరకాలి కదా!" నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి చెప్పింది. "లోపల మీ గురించి కూడా చెప్పాలి బాబాయ్. మీ వెనక చెప్పడం నాకిష్టం లేదు. మీరుండగా చెబుతాను. వినలేననుకుంటే చెప్పండి, ఆ ముక్క తీసేస్తాను."

తిట్టే మనిషిని చూశాడు, మొహం తిప్పుకునే మనిషిని చూశాడు. తిట్టబోయే ముందు అనుమతి అడిగే మనిషిని ఆయన అరవై ఏళ్ల జీవితంలో చూడలేదు. టోపీ సర్దుకుని దిగాడు. ఆమె ఒక ఖాళీ బ్యాడ్జీ మీద "బాబాయ్, రవాణా" అని రాసి ఆయన చొక్కాకు గుచ్చింది. ఎన్ని సదస్సులకు పిల్లల్ని చేర్చాడో లెక్కలేదు, లోపల అడుగుపెట్టడం ఇదే మొదటిసారి. వెనక వరసలో అంచు కుర్చీ చూసుకుని కూర్చున్నాడు.

ఆమె వంతు వచ్చింది. వెనక గోడ ఖాళీగా ఉంది.

"ఇక్కడొక చార్టు ఉండాలి. చెక్‌పోస్టుల్లో మమ్మల్ని ఎంతసేపు ఆపుతారో అందులో ఉంది. దాన్ని చెక్‌పోస్టులో ఆపేశారు" అంది. హాలంతా ఘొల్లుమంది. తర్వాత మెల్లగా చెప్పుకుంటూ పోయింది. దిగడం, నిలబడడం, సంచి విప్పడం, మళ్లీ ఎక్కినప్పుడు ఎవరి కళ్లలోకీ చూడలేకపోవడం. చివరికి కార్డుల సంగతికి వచ్చింది.

"మా కార్డులు పైన పెట్టేది కాపలావాళ్లు కాదు. మా డ్రైవరు బాబాయ్. ఆయన చాలా మంచివారు. వచ్చిన కష్టమే అది. చెడ్డవాళ్లయితే పోట్లాడేదాన్ని. ఆయన బస్సు ఏనాడూ ఆలస్యం కాలేదు. అందరి నిమిషాలూ మిగులుతున్నాయి, మా ఐదుగురివి తప్ప. మంచివాళ్ల సౌకర్యం కోసం అన్యాయం ఎంత చక్కగా సర్దుకుంటుందో, అదే నా వ్యాసం."

బాబాయ్ చెవులు వేడెక్కాయి. వీపు కుర్చీకి అంటుకుపోయింది.

ముందు వరసలో, కళ్లద్దాలకు తాడు కట్టుకున్న పెద్ద ప్రొఫెసరు చెయ్యెత్తాడు. "కథ బావుందమ్మాయ్. అంకెలేవి? అంకెలు లేకపోతే దీన్ని వ్యాసం అనం, ఫిర్యాదు అంటాం."

"చార్టులో ఉన్నాయి సార్. మొత్తాలు కొన్ని గుర్తున్నాయి..."

"గుర్తున్నవి పుస్తకంలో వెయ్యలేం."

లెక్కలమ్మ తలొంచుకుని కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆ సర్దడం చూశాక బాబాయ్ కూర్చోలేకపోయాడు. లేచాడు. కుర్చీ కిర్రుమంది, అందరూ వెనక్కి తిరిగారు.

"అంకెలు నా దగ్గరున్నాయండి."

"తమరు?"

"రవాణా" అన్నాడు బ్యాడ్జీ చూపిస్తూ. "ఆ డ్రైవర్ని నేనే."

జేబులోంచి డైరీ తీశాడు. గొంతు వణకలేదు. ఎక్కాలు అప్పజెప్పిన గొంతు కదా. "ఈ ఏడాది ఈ వంతెన ఇరవై ఆరుసార్లు దాటానండి. దించింది నూట నాలుగు మందిని. అందులో నూట ముగ్గురు ఏటవతలి పిల్లలు. ఒక్కడు ఇటువాడు, వాడి కార్డు నా పొరపాటు వల్ల పైకొచ్చింది. మనిషి, టైము, తారీకు అన్నీ ఉన్నాయి."

"నువ్వు పైన పెట్టబట్టి దించారు కదయ్యా? మరి తప్పు వాళ్లదా, నీదా?" అని అడిగాడు ప్రొఫెసరు.

నిజంగా మంచి ప్రశ్న. బాబాయ్ డైరీ మూశాడు. "నాది కూడానండి. అయితే నేను సర్దక ముందు ఏళ్లవీ రాసుకున్నాను. అప్పుడు బస్సంతా దిగేది, సంచులు విప్పింది మాత్రం వీళ్లవే. నేను చేసిందల్లా ఆ పనిని సులువు చెయ్యడం. ఎనిమిది నిమిషాల్లో తెమిల్చానని గొప్పలు చెప్పుకున్నాను. ఇవాళ ఈ తల్లి వద్దన్నా చేశాను. అందుకే చార్టు పోయింది. మిగతా డైరీలు నా సీటు కింద రేకుపెట్టెలో ఉన్నాయి. ఆలస్యానికి నన్ను తప్పుపడతారేమోనని ఏటేటా దాచుకున్నవి. ఇరవై ఎనిమిది. కావాలంటే తెస్తాను."

ప్రొఫెసరు కళ్లద్దాలు తీసి తాడుకు వదిలేశాడు. "తేవడం ఎందుకు? మేమే వస్తాం పదండి."

ఆ మధ్యాహ్నమంతా నీలం బస్సు బడిగది అయిపోయింది. పిల్లలు సీట్లలో కూర్చుని డైరీలు పంచుకున్నారు. బాబాయ్ చదవడం, లెక్కలమ్మ రాయడం, నిచ్చెన కూడికలు వెయ్యడం. వాడి కూడికలు రెండుసార్లు తప్పితే బాబాయ్ నోటితోనే సరిచేశాడు. "ఐదో తరగతి ముందు ఎంఏ చాలదురా" అన్నాడు. పెద్ద ప్రొఫెసరు మెట్టు మీద కూర్చుని పేజీలు తిరగేస్తూ "ఇంత శుభ్రమైన అంకెలు మా పరిశోధకుల దగ్గర కూడా చూడలేదు" అన్నాడు. బాబాయ్ ఆ మెప్పును తన దగ్గర ఉంచుకోలేదు, మనసులోనే ఊరి మాస్టారి పాదాల దగ్గర పెట్టేశాడు. సాయంత్రానికి కొత్త చార్టు గోడకెక్కింది. మర్నాడు పొద్దున పుస్తకంలోకి తీసుకున్న వ్యాసాల జాబితాలో లెక్కలమ్మది రెండోది.

ఆమె పరుగున వచ్చి చెప్పినప్పుడు బాబాయ్ టైర్లలో గాలి చూస్తున్నాడు. లేచి, చేతులు తుడుచుకుని, రెండు చేతులూ జోడించాడు.

"అయ్యో, మీరు నాకు దండం పెడతారేంటి బాబాయ్! నేనే పెట్టాలి. మీ డైరీలు లేకపోతే..."

"డైరీలదేముందమ్మా, పెట్టెలో పడున్నాయి. నామీద నువ్వు కోపం తెచ్చుకోవచ్చు, పైవాళ్లకు కాగితం పెట్టొచ్చు. కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పావు. ఈ వయసులో నాకు తప్పు దిద్దుకునే సందు ఎవరిస్తారు?"

మధ్యాహ్నం పన్నెండున్నరకు తిరుగుప్రయాణం. ఐదింటికి బస్సు విశ్వవిద్యాలయం గేటులో ఉండాలి. చెక్‌పోస్టుకు ముందు ఆగి, నిచ్చెన ఇచ్చిన కార్డుల డబ్బాను బాబాయ్ మూత కూడా తియ్యకుండా పట్టుకున్నాడు. చెక్‌పోస్టు దగ్గర కాపలా ఉద్యోగి దాన్ని అందుకుని, మొదటి నాలుగు చూసి, మొహం చిట్లించాడు.

"ఇదేంటి బాబాయ్, సర్దలేదా?"

"లేదు సార్. ఇకమీదట సర్దను."

"అయితే అందర్నీ దించాల్సొస్తుంది. నీకే ఆలస్యం."

"దించండి సార్."

నలభై ఒక్కమందీ, మేడమూ దిగారు. ఎండలో పొడుగాటి వరస. సణుగుడు మొదలైంది. ఇటువైపు పిల్లల్లో ఒకమ్మాయి "ఇంకా ఎంతసేపు?" అని మూడుసార్లు అడిగింది, మూడోసారి తనే సిగ్గుపడి ఊరుకుంది. బాబాయ్ కూడా స్టీరింగు వదిలి, తన కార్డు పట్టుకుని వరస చివర నిలబడ్డాడు.

"నువ్వెందుకయ్యా? డ్రైవర్లను అడగం కదా" అన్నాడు ఉద్యోగి.

"నేనూ ఈ బస్సులోనే వచ్చాను సార్."

ఉద్యోగి విసుక్కుని, గదిలోంచి అట్టగొట్టం తెచ్చి లెక్కలమ్మ చేతిలో పెట్టి, ముందు నుంచి సంచులు చూడడం మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలైంది. ముప్పై దాటింది. బాబాయ్ మెడ మీద చెమట కారుతోంది. ఇరవై తొమ్మిదేళ్లుగా చూస్తున్న చోటే, అక్కడ నేల ఇంత కాలుతుందని బూటు అడుగులోంచి ఇవాళే తెలిసింది.

లెక్కలమ్మ ముందు నుంచి వెనక్కి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"అక్కడ కాదు బాబాయ్, ఇటు రండి. ఈ వేళప్పుడు గోడ నీడ ఈ మూలకు పడుతుంది. వీపు ఆనించకండి, గోడ కాలుతుంది. సంచి కింద పెట్టి దాని మీద నిలబడితే కాళ్లకు హాయిగా ఉంటుంది."

బాబాయ్ ఆ మూలకు జరిగాడు. నిజమే, అక్కడ సరిగ్గా ఇద్దరికి సరిపడా నీడ ఉంది.